గడ్డం నురగ ఎందుకు చల్లారుతుంది, వెచ్చదనం ఎక్కడ నిలపాలి

పాలమూరు, నల్లగొండ వైపు చలి ఎక్కువ కాలం ఉండదు. దీపావళి దాటాక మొదలై, సంక్రాంతికి ముదిరి, శివరాత్రికల్లా శివశివా అంటూ పోతుంది. ఆ కొద్దికాలంలోనే తెల్లవారుజామున ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. మిద్దె మీది ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీళ్ళు నల్లా తిప్పగానే జివ్వుమంటాయి. బ్రష్షు, సబ్బు పెట్టుకుని ఇంట్లోనే గడ్డం గీసుకునేవాళ్ళ గోడు అప్పుడు వినాలి. ఉడుకు నీళ్ళతో కలిపినా నురగ చెంపకు పూసేసరికి చల్లబడుతుంది, రెండోసారి పూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, బ్లేడు పీకుతుంది.

ఇందులో రెండు వేరు వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. చర్మానికి చల్లగా తగలడం ఒకటి, బ్లేడు పీకడం మరొకటి. రెండూ ఒకే పొద్దున వస్తాయి కాబట్టి మొదటిది తీరితే రెండోదీ పోతుందని అనుకుంటాం. చాలావరకు అది నిజం కాదు.

బ్లేడు పీకేది వెంట్రుక సరిగ్గా నాననప్పుడు. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. నీళ్ళు పీల్చుకుంటే లోపలి హైడ్రోజన్ బంధాలు సడలి, కాస్త ఉబ్బి, మెత్తబడుతుంది. దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఆ పని త్వరగా అవుతుంది, చల్లగా ఉంటే నెమ్మదిగా అవుతుంది, అంతే తేడా. ఒకసారి నానిన వెంట్రుక మళ్ళీ చల్లబడినంత మాత్రాన గట్టిపడదు. ఆరితేనే గట్టిపడుతుంది. నానని వెంట్రుక మొండితనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెంట్రుక ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తనిదైనా, కొన్ని పరిస్థితుల్లో బ్లేడు అంచును పెచ్చులూడేలా చేయగలదని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో చూపించారు.

ఈ లెక్కన నురగకున్న అసలు బాధ్యత వెంట్రుక చుట్టూ నీటిని ఆరిపోకుండా పట్టి ఉంచడం, బ్లేడు జారడానికి నునుపు ఇవ్వడం. వేడి పనికొచ్చేది మూడు చోట్ల. సబ్బు కరగడానికి, వెంట్రుక త్వరగా నానడానికి, చర్మానికి హాయిగా ఉండడానికి. మొదటి రెండు పనులూ బ్లేడు చేతిలోకి తీసుకోకముందే అయిపోతాయి. గీసేటప్పుడు కూడా నురగ వెచ్చగా ఉండాల్సిన అవసరం మూడోదానికే ఉంది. హాయి చిన్న విషయమేమీ కాదు. చలికి ముడుచుకున్న చర్మం మీద, నిక్కబొడుచుకున్న రోమాల మీద బ్లేడు సాఫీగా నడవదు. కానీ దాన్ని ఎక్కడ సాధించవచ్చో, ఎక్కడ సాధించలేమో తెలియాలి.

ముఖం మీద సాధించలేం. నురగలో ఎక్కువ భాగం గాలే. ముఖానికి పట్టేది చూడ్డానికి బోలెడంత, తూకానికి నాలుగైదు గ్రాములకు మించదు. అంత కొద్ది నీటిలో ఎంత వేడి ఇముడుతుంది? పైగా దాన్ని పలచటి పొరగా చెంపలకూ గొంతుకూ పరుస్తాం. ఒకవైపు ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీల చర్మం, ఇంకోవైపు చలిగాలి. నలభై ఐదు డిగ్రీల నురగ పూసినా ఒక్క నిమిషంలో చర్మం ఉష్ణోగ్రతకు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆవిరి మొదలవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ళ (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. ఆ వేడి నురగ నుంచి, దాని కిందున్న చర్మం నుంచే పోతుంది. నురగ పూసుకున్నాక చెంప ముందుకన్నా చల్లగా అనిపించేది అందుకే. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకా చెప్పనక్కర్లేదు. డిసెంబర్లోనూ దోమల కోసం ఫ్యాన్ వేసుకునే ఇళ్ళున్నాయి కాబట్టి ఈ మాట రాయాల్సి వస్తోంది. గడ్డం గీసుకునే పది నిమిషాలు దాన్ని ఆపితే, ఏ సామాన్లూ కొనకుండానే సగం పని అవుతుంది.

కాబట్టి వెచ్చగా ఉంచాల్సింది ముఖం మీది నురగను కాదు, గిన్నెలోనూ బ్రష్షులోనూ మిగిలిన నురగను. రెండోసారికి, మూడోసారికి అక్కరకొచ్చేది అదే.

ఇక్కడే చాలామంది గిన్నె సంగతి మరిచిపోతారు. చిన్న లెక్క వేసి చూద్దాం. పదిహేను డిగ్రీల గదిలో వంద గ్రాముల స్టీలు గిన్నె ఉంది. అందులో పదిహేను గ్రాముల నీటితో, నలభై ఐదు డిగ్రీల వేడితో నురగ చేశాం. గిన్నె ఒక్కో డిగ్రీ వేడెక్కడానికి సుమారు 50 జౌళ్ళు కావాలి. నురగ ఒక్కో డిగ్రీ చల్లారుతూ ఇవ్వగలిగింది 63 జౌళ్ళు. రెండూ సర్దుకునేసరికి ముప్పై రెండు డిగ్రీల దగ్గర ఆగుతాయి. గాలి సోకకముందే, ఆవిరి కాకముందే, పదమూడు డిగ్రీలు గిన్నె మింగేసిందన్నమాట. స్టీలు పలచన, వేడిని చకచకా లాక్కుంటుంది, అందుకే బ్రష్షు తిప్పుతుండగానే ఇదంతా జరిగిపోతుంది.

మరి మట్టి పాత్ర మంచిదా? మట్టి వేడిని నిలుపుతుందని అందరూ అంటారు, అది నిజమే. కానీ ముందు దానికి వేడి ఇస్తేనే నిలుపుతుంది. పావుకిలో బరువున్న మట్టి గిన్నె చల్లగా ఉంటే, అదే నురగను ఇరవై రెండు డిగ్రీల దాకా లాగేయగలదు. కాకపోతే మట్టిలో వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి వెంటనే తెలియదు, రెండోసారి పూసుకునేటప్పుడు తెలుస్తుంది. అదే గిన్నెలో ముందుగా ఉడుకు నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు గిన్నే నురగకు వేడినిస్తుంది. కుమ్మరి దగ్గర దొరికే వెడల్పు మూతి గురిగి అయినా, లోపల గరుకుగా ఉండే చిన్న కంచుడైనా ఈ పనికి బాగా ఒదుగుతాయి. ఆ గరుకుదనం వల్ల నురగ త్వరగా లేస్తుంది కూడా. లోపల పూత లేని పాత్ర సబ్బు నీళ్ళను పీల్చుకుంటుంది, దాన్ని అందుకే కేటాయించాలి. కూరకు మళ్ళీ పనికిరాదు.

విదేశాల్లో ఈ పని కోసమే స్కటిల్ అనే పాత్ర ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, అమెరికాల్లో వాడినవి కొమ్ముచెంబు పోలికతో ఉండేవి. కొమ్ము వెడల్పుగా ఉంటుంది, అందులోంచి బ్రష్షును ఉడుకు నీళ్ళలో ముంచుతారు. పైన చిల్లుల పళ్ళెంలో సబ్బు ఉంటుంది. ఇప్పుడు కుమ్మరి కళాకారులు చేస్తున్నవి రెండు గోడల గిన్నెలు. గోడల మధ్య ఖాళీలో ఉడుకు నీళ్ళు పోస్తారు, లోపలి గిన్నెలో నురగ చేస్తారు. మధ్యమధ్యలో బ్రష్షును అందులోనే దించుతారు. అమెరికాలోని కొన్ని బార్బర్ షాపుల్లో మీట నొక్కితే వేడి నురగ పోసే కరెంటు మిషన్లూ ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, ఏడాదిలో రెండు మూడు నెలల చలి కోసం వేలు పోసి స్కటిల్ తెప్పించుకోవడం పాలమూరు వాతావరణానికి దండగ ఖర్చు.

అదే పని చేసే ఏర్పాటు ప్రతి వంటింట్లో ఉంది. ఒక బగోనలో మూడు వందల మిల్లీలీటర్ల ఉడుకు నీళ్ళు పోసి, అందులో చిన్న స్టీలు గిన్నె దించితే చాలు. స్టీలు వేడిని చకచకా లాక్కుంటుందన్న లోపమే ఇక్కడ గుణమవుతుంది. బయటి నీటి వేడి అంతే త్వరగా లోపలికి చేరుతుంది. మూడు వందల గ్రాముల నీళ్ళు ఒక్క డిగ్రీ చల్లారితే 1,260 జౌళ్ళు వస్తాయి. గిన్నె, నురగ రెండింటికీ కలిపి డిగ్రీకి కావాల్సింది 113 మాత్రమే. పదీ పదిహేను నిమిషాల షేవింగ్‌కు ఇది ధారాళంగా సరిపోతుంది. చిన్న గిన్నె నీళ్ళలో తేలి ఒరిగిపోకుండా అడుగున ఒక తడిగుడ్డ మడత వేసుకోవాలి. లేదంటే నురగంతా నీళ్ళపాలు. పాతబడి మూలన పడేసిన చిన్న హాట్‌బాక్స్ ఉంటే అది ఇంకో దారి. దాని గోడలు వేడిని బయటికి పోనివ్వవు, మూత కూడా ఉంటుంది. గాలి తగలకుండా మూత పెట్టడం వల్ల చల్లారడమే కాదు, ఆరడమూ తగ్గుతుంది.

బ్రష్షు కూడా వేడి దాచుకునే పాత్రే. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్షు నీటిని ఎక్కువగా పట్టుకుంటుంది. పంది వెంట్రుకల బ్రష్షు నీళ్ళు పీల్చుకుని మెత్తబడేదాకా కాసేపు నానబెట్టాలి. మన బజార్లలో ఎక్కువగా కనిపించే నైలాన్ బ్రష్షుల పోగులు నీళ్ళు పీల్చవు, సందుల్లో ఉన్నదే ఉన్నది. వాటిని వాడేవాళ్ళు బ్రష్షును గట్టు మీద పెట్టకుండా వెచ్చటి గిన్నెలోనే ఉంచాలి. మరుగుతున్న నీళ్ళలో మాత్రం ఏ బ్రష్షునూ ముంచకూడదు. వెంట్రుకలు పెళుసుబారతాయి, అడుగున పట్టి ఉంచే జిగురు వదులవుతుంది.

వేడి మంచిదన్నారని నీళ్ళు సలసలా కాగబెట్టేవాళ్ళూ ఉంటారు. నురగకు అతివేడి పడదు. వేడెక్కిన కొద్దీ బుడగల గోడల్లోని సబ్బు నీరు పలచబడి కిందికి జారిపోతుంది. గోడలు పలచనై బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై పగిలిపోతాయి. అప్పుడు గిన్నె అడుగున నీళ్ళు, పైన పొడిపొడి నురగ మిగులుతాయి. సబ్బు ఎలాగూ క్షార గుణం కలది, దానికి ఎక్కువ వేడి తోడైతే చర్మం మీది జిడ్డంతా కొట్టుకుపోయి, గీసిన తర్వాత మంటలు తప్పవు. బయటి గిన్నెలో నీళ్ళు యాభై, అరవై డిగ్రీలున్నా ఫర్వాలేదు. ముఖానికి తగిలేది మాత్రం నలభై, నలభై ఐదు మధ్య ఉండాలి. థర్మామీటరు అక్కర్లేదు, మణికట్టు లోపలివైపు పూసి చూస్తే తెలిసిపోతుంది.

ఇంతా చేసినా ఈ ప్రాంతంలో నురగ నిలవకపోవడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, అది నీళ్ళు. షేవింగ్ సబ్బుల్లో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ. దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో, కొంత సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపి చేస్తారు. చిక్కటి, నిలకడైన నురగ దానివల్లే వస్తుంది. అదే సబ్బు చల్లటి నీటిలో అంత తేలిగ్గా కరగదు కాబట్టి కలిపేటప్పుడు వెచ్చటి నీళ్ళు నిజంగానే అవసరం. కానీ నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి కరగని తెల్లటి తరకలుగా విరిగిపోతుంది. పప్పు ఉడకని బోరు నీళ్ళు, బట్టలకు ఎంత సబ్బు పెట్టినా నురగ రాని నీళ్ళు అంటామే, అవే ఇవి. తాగే నీటిలో కాఠిన్యం (ఆ కాల్షియం, మెగ్నీషియాల వల్ల వచ్చే గుణం) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలని, వేరే దిక్కు లేనిచోట 600 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ నియమం. ఆ పై అంచుకు దగ్గర్లో ఉన్న బోరు నీళ్ళతో షేవింగ్ సబ్బు కలిపితే గిన్నె వెచ్చగా ఉన్నా, స్కటిల్ ఉన్నా ఒరిగేదేమీ లేదు. నురగ రెండు నిమిషాల్లో చప్పబడుతుంది. చప్పబడిన నురగలో నీళ్ళు నిలవవు, నీళ్ళు లేని నురగ త్వరగా చల్లారుతుంది. బ్లేడు పీకుడు కూడా అక్కణ్నుంచే.

నల్లగొండ నీళ్ళనగానే ఎవరికైనా ఫ్లోరైడే గుర్తొస్తుంది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో ఆ నీళ్ళు తరాలను వంచేశాయి, దాన్ని తక్కువ చేసి మాట్లాడే పని లేదు. అయితే నురగ విరిగిపోవడానికి ఫ్లోరైడ్ కారణం కాదు. కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున దిగిపోయే అవకాశం ఉంది కాబట్టి, ఫ్లోరైడ్ బాగా ఉన్న నీళ్ళలో కాల్షియం తక్కువగా ఉండడమూ జరుగుతుంది. ఒక బోరులో రెండూ ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు. నీళ్ళు నురగకు పనికొస్తాయా లేదా అన్నది ఫ్లోరైడ్ పరీక్ష చెప్పదు. ఇంకో ముచ్చట. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970ల్లో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. అందులో వాడేది పటిక, సున్నం. గడ్డం గీశాక గాట్ల మీద రుద్దేదీ ఒక రకం పటికే.

నీటిని కాచితే కాఠిన్యంలో కొంత భాగం పోతుంది. బైకార్బనేట్ల రూపంలో ఉన్న కాల్షియం వేడికి సున్నపు పొరగా విడిపోతుంది. హీటర్ రాడ్డుకు పట్టే తెల్లటి పెచ్చు అదే. రాడ్డు తీసిన నీళ్ళు కాసేపు తేరనిచ్చి పైనవి వంచుకుంటే ఆ మేరకు లాభం. (స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకకుండా బకెట్లో చెయ్యి పెట్టకూడదని వేరే చెప్పాలా.) సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్నది మాత్రం ఎంత కాచినా పోదు. దానికి మార్గం ఇంకా సులువు. షేవింగ్‌కు కావాల్సింది ఒక గిలాసెడు నీళ్ళే. ఊరూరా వాటర్ ప్లాంట్ ఉంది, ఇంట్లో ఇరవై లీటర్ల డబ్బా ఉంది. అందులోంచి ఒక గిలాస కాచి నురగకు వాడుకుని, మొహం కడుక్కోవడానికీ బయటి గిన్నెకూ బోరు నీళ్ళే వాడుకోవచ్చు. 2015లో అప్పటి నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నీళ్ళు వచ్చే ఇళ్ళలో అదీ అక్కర్లేదు. కృష్ణా నది నీళ్ళు బోరు నీళ్ళంత కఠినంగా ఉండవు. ఒకే ఇంట్లో భగీరథ నల్లా ఉన్నా, బాత్రూంకు బోరు లైను ఉంది కాబట్టి దానితోనే గడ్డం గీసుకుంటూ సబ్బును తిట్టుకోవడం మామూలు.

వెంట్రుక నానడానికి స్నానాన్ని మించింది లేదు. పది నిమిషాలు ఉడుకు నీళ్ళు పోసుకున్నాక గడ్డం గీసుకుంటే నురగ చల్లారినా పెద్దగా పట్టించుకునే పని ఉండదు. విదేశీ సలహాలన్నీ ఇదే చెప్తాయి. మన ఇళ్ళలో అది నడవదు. క్షౌరం చేసుకున్నాక స్నానం చేయందే దేవుడి గదివైపు వెళ్ళనివ్వరు, కొన్ని ఇళ్ళలో వంటింట్లోకే రానివ్వరు. అందుకని ముందు గడ్డం, తర్వాత స్నానం. అంటే పొడి గడ్డం మీద, చల్లటి మొహం మీద నేరుగా నురగ పూస్తున్నాం. నానబెట్టే భారమంతా నురగ మీదే పడుతోంది. ఆ నురగేమో నిమిషంలో చల్లారుతోంది. చలికాలపు ఇబ్బందికి మూలం చాలావరకు ఈ వరుసలోనే ఉంది. ఆచారం మార్చుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. స్నానానికి ఎలాగూ నీళ్ళు కాగుతాయి. అందులోంచి ఒక చెంబు ముందుగా తీసుకుని, తువ్వాల ముంచి పిండి, రెండు మూడు నిమిషాలు గడ్డం మీద వేసుకుంటే స్నానం చేసే మేలులో ఎక్కువ భాగం దక్కుతుంది. తువ్వాల మధ్యలో చల్లారితే మళ్ళీ ముంచాలి. వెనకటి ఊరి క్షౌరవృత్తిదారులు పొదిలోంచి కత్తి తీసే ముందు చల్లటి నీళ్ళతోనే గడ్డాన్ని అంతసేపు తడిపి రుద్దేవారు. వేడి లేని లోటును సమయంతో, చేతి రాపిడితో పూడ్చేవారు. ఇప్పుడు స్ప్రే సీసాతో నాలుగు చుక్కలు చల్లి నురగ పూస్తున్న చోట ఆ సమయమే కరువైంది.

ఎండాకాలంలో ఈ తలనొప్పి ఉండదు, దాని బదులు ఇంకొకటి. మే నెలలో మధ్యాహ్నం నల్లాలో వచ్చే నీళ్ళే చెయ్యి కాల్చేలా ఉంటాయి. రోళ్ళు పగిలే ఎండలు, పొడి గాలి. నురగ ఒక చెంప గీసేలోగా రెండో చెంప మీద పెళుసుగా ఎండిపోతుంది. అప్పుడు వెచ్చదనం గొడవ వదిలేసి, నురగలో నీళ్ళు కాస్త ఎక్కువ పట్టించి, సగం ముఖం పూసుకుని గీసి, తర్వాత మిగతా సగం పూసుకోవడం మేలు.

కటింగ్ షాపుల సంగతి వేరు. ఒకే వెచ్చటి గిన్నె, ఒకే బ్రష్షు పదిమందికి తిప్పడం ఆరోగ్యానికి మంచిది కాదు. వెచ్చగా, తడిగా ఉండే చోటు క్రిములకూ ఇష్టమే. అక్కడ నురగను వెచ్చగా నిలిపే ఏర్పాట్లకన్నా మనిషికో వేడి తువ్వాల, మనిషికో కొత్త బ్లేడు సరైన దారి. ఖర్చవుతుందనే మాట నిలవదు. నీళ్ళను పదిహేను నుంచి అరవై డిగ్రీలకు కాచడానికి లీటరుకు 189 కిలోజౌళ్ళు కావాలి. అంటే ఒక యూనిట్ కరెంటుతో లెక్క ప్రకారం పందొమ్మిది లీటర్లు, వృథా తీసేసినా పదిహేను లీటర్లు కాగుతాయి. మనిషికి అర లీటరు చాలు, ఒక యూనిట్ ముప్పై మందికి సరిపోతుంది. క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే పథకం తెలంగాణలో 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. షాపులో లేనిది కెటిల్ ఒక్కటే, దాన్ని పెట్టించాలంటే చలికాలంలో వచ్చే గిరాకీలు నోరు తెరిచి అడగాలి.